పిన్నీసు పట్టిన చెయ్యి

మొన్న మంగళవారం పొద్దున వడమాలపేట నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది పాపా. లేపితే పలకలే" అన్నాడు. నేను వెంటనే బస్సెక్కాను.

మా మేనత్తకు, మా నాయనకు, నాకు ఒకటే జబ్బు. వంశంలో వచ్చే నరాల జబ్బు. ముందు పాదాలు సన్నబడతాయి, తర్వాత చేతులు. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురు రాదు. మీరు ఆలోచించకుండా చేసేసే పనులు, జాకెట్ హుక్కులు, తాళంచెవి తిప్పడం, మాకు కొండలు. అత్తకు చీర కుచ్చిళ్లు మామే పెట్టేవాడు. ఎవరైనా బాగా కుదిరాయంటే "పెట్టినోణ్ణి అడుగు" అని నవ్వేది.

తిరుపతి ఆసుపత్రిలో ఆమెకు స్ప్లింట్ చేసిచ్చారు. ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, బొటనవేలు చూపుడువేలికి ఎదురుగా నిలిచేలా చేతి మీదే మలిచారు. అత్త దాన్ని తొడుగు అనేది. ఇంటికొచ్చి తొడుక్కుని, బల్ల మీది పిన్నీసు తీసింది. "సూడు మే, పట్టినాను!" అని నావైపు తిరిగి అరిచింది. పట్టిన చెయ్యి దించకుండా పక్కింటివాళ్లకూ చూపించి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు కుచ్చిళ్లు తనే పెట్టుకుంది. వంకరగా వచ్చేవి. మామ సరిచేయబోతే చెయ్యి తోసేసేది.

నా వేళ్లు వంగడం మొదలైనప్పుడు నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లి నాకూ తొడుగు చేయించింది అత్తే. బస్సులో నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. "తొడుగు నరాన్ని బాగుసెయ్యదు మే. ఉండే బలాన్ని పనికి తెస్తాది, అంతే" అంది.

తర్వాత ఆమె మణికట్టు కూడా వాలిపోయింది. కొత్త తొడుగు చేయించినా పిన్నీసు నిలవలేదు. మళ్లీ మామే కుచ్చిళ్లు పెట్టసాగాడు. చూస్తూ కూర్చోవడం తప్ప నేనేం చేయగలను? ఒకసారి "భయమేస్తా ఉండాది అత్తా" అన్నాను. "నాకూ ఏస్తాది. రా, అన్నం తిందాం" అంది.

మంగళవారం మధ్యాహ్నం, ఎత్తుకుపోయే ముందు, ఆమె నోట్లో బియ్యం వేయమని నన్ను పిలిచారు. తొడుగు వేసుకునే ఉన్నాను. అయినా గింజలు వేళ్ల సందుల్లోంచి రాలిపోతున్నాయి. మామ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. నాలుగు గింజలు పెదవి మీద పడ్డాయి. మిగతావి చెంప మీంచి జారి, చెవి పక్కన నెరిసిన జుట్టులో చిక్కుకున్నాయి.