నేను మెరిపించిన రొట్టెల పెంక

మా చెల్లెలు స్వప్న పెండ్లిలో వాన పడలేదు, వంటవాళ్లు అలగలేదు, మగపెళ్లివారు ముఖం ముడుచుకోలేదు. జరగాల్సిన నష్టమంతా పెండ్లికి ముందే నేను ఒంటిచేత్తో జరిపించేశాను. ఎలాగో చెబుతాను. మా అవ్వ ఎదురైతే మాత్రం ఈ సంగతి ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది.

మాది వనపర్తి. అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. ఆమె మానవపాడు నుంచి కాపురానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న ఇనుప పెంక మీదే మా ఇంట్లో జొన్నరొట్టెలు కాలేవి. అంతకు ముందు అది ఆమె తల్లిది. తల్లి చేతి నుంచి కూతురి చేతికి పోవడం దాని ఆనవాయితీ. అవ్వకు కూతుళ్లు లేరు కాబట్టి అది మనవరాలికే పోవాలని స్వప్న ఉయ్యాలలో ఉన్నప్పుడే తీర్మానమైపోయింది. పట్టుచీర ఏ రంగుదైనా సరే గానీ, పెంక లేకుండా అత్తారింటికి కదలనని స్వప్న కూడా తెగేసి చెప్పింది.

ఇక్కడ నా బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. నా బుద్ధి పనిచేసినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు ఏడుస్తారు. నడింట్లో పెండ్లి సామాను పరిచి ఉంది. స్టీలు బిందెలు, ఇత్తడి గిన్నెలు, అన్నీ ధగధగ. వాటి నడుమ కొంగల గుంపులో కాకిలా మా పెంక! కల్వకుర్తి నుంచి వచ్చే మగపెళ్లివారు దీన్ని చూస్తే మా పరువేం కావాలి? తెల్లారేసరికి నిర్ణయించుకున్నాను. అదృష్టం కొద్దీ, అంటే అప్పటికి అదృష్టమే అనుకున్నాను లెండి, ఆ రోజు అవ్వ పెండ్లి పిలుపులకని నాగర్‌కర్నూల్ పోయింది.

ముందు చింతపండుతో తోమాను. ఇసుకతో తోమాను. ఇటుక పొడి పెట్టి మోచేతులు పడిపోయేదాకా తోమాను. పెంక కొంచెం కూడా చలించలేదు. నాకు పట్టుదల పెరిగింది. సంచిలో వేసుకుని వెల్డింగు దుకాణానికి మోసుకుపోయాను.

"భయ్యా, గ్రైండర్ పెట్టి దీని మురికంత తియ్యాలె."

"మొత్తమా?"

"మొత్తం. మొఖం కనవడాలె."

నిప్పురవ్వలు ఎగిరాయి. చివరికి నిజంగానే అందులో నా ముఖం కనబడింది. అది శుద్ధ మూర్ఖుడి ముఖమని అప్పుడు నేను గుర్తుపట్టలేదు.

సాయంత్రం అవ్వ వచ్చింది. కాళ్లు కడుక్కుని నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది.

"శీనూ, నా పెంక యాడుందిరా?"

"నీ ముందలనే ఉన్నది గదవ్వా!"

"గిది పళ్లెం గదరా."

"పళ్లెం గాదు, పెంకనే. మెరిపిచ్చిన. ఎట్లున్నది?"

పొగుడుతుందని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అవ్వ దాన్ని అరచేత్తో నిమిరింది.

"నల్లగ ఉండె గద, గా నలుపేమాయె?"

"మురికి అవ్వా. అంత తీసేసిన."

"మురికి గాదురా. మా అమ్మ చేసిన రొట్టెలు, నేను చేసిన రొట్టెలు కలిస్తె అయిన నలుపది. మా అమ్మది ఒక ఫొటో గూడ లేదు నాకు. గదొక్కటే ఉండె."

చూడని ముత్తవ్వను ఇంటి నుంచి వెళ్లగొట్టినట్టు సిగ్గేసింది. అవ్వ పిండి కలిపి ఒక రొట్టె వేసి చూసింది. అది పెంకను పట్టుకుని వదిలితే ఒట్టు. గంటె పెట్టి గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. స్వప్న ఏడుపు లంకించుకుంది.

"నాకీ పళ్లెం వద్దు. నా పెంక నాకు తెచ్చియ్యి!"

"ఏడ్వకు. పెండ్లి నాటికి మల్ల నల్లగ చేస్త."

"ఎట్ల చేస్తవ్, రంగేస్తవా?"

"రొట్టెలు చేస్త."

"నీకు రొట్టె చేసుడు వస్తదా?"

"రాదు. నేర్చుకుంట. అవ్వా, జర నేర్పియ్యి."

ఆ రోజు నుంచి పొయ్యి ముందు నుంచి లేవలేదు. మరిగే నీళ్లు పోసి పిండి పిసికితే వేళ్లు కాలాయి. నా మొదటి రొట్టెలను బర్రె వాసన చూసి తల తిప్పుకుంది. పెండ్లి పనులకు వచ్చిన చుట్టాలకు ఆ అవకాశం కూడా లేదు, పాపం. నేను ఎదురుగా కూర్చుని తినిపించాను. అవ్వ పీట మీద కూర్చుని ఒకటే అదిలింపు.

"గట్టిగ కొట్టు! పెంకను గీకిచ్చినప్పుడు ఉన్న జోరు ఇప్పుడు యాడ వోయింది?"

రోజూ పొద్దున పల్లినూనె రాశాను, ఉల్లిగడ్డ ముక్కతో రుద్దాను, మళ్లీ రొట్టెలు కాల్చాను. పెంక ముందు పసుపురంగుకు తిరిగింది, తర్వాత గోధుమరంగు, తర్వాత మచ్చలు మచ్చలుగా నలుపు. పెండ్లి ముందు రోజు ఒక రొట్టె పొంగి, గంటె తగలకుండానే లేచి వచ్చింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అవ్వ పెంకను మళ్లీ నిమిరింది.

"మా అమ్మంత లేదు గానీ, ఉన్నది. ఇగ కట్టుండ్రి" అని తన చేత్తోనే సామానులో పెట్టింది.

కథ అక్కడే ముగిస్తే నేనొక వీరుణ్ణి. కానీ కొన్నాళ్లకే కల్వకుర్తి నుంచి ఫోను.

"అన్నా, రొట్టె అతుక్కుంటున్నది. నేను చేసినా గంతే, మా అత్త చేసినా గంతే."

"సెగ తగ్గియ్యి."

"అన్నీ చూసిన. నువ్వే ఒకసారి రా."

పోయాను. చెల్లెలి అత్తారింట్లో నాకు దక్కిన మర్యాద చెంబెడు నీళ్లు, ఆ వెంటనే జొన్నపిండి గిన్నె. కొట్టాను, వేశాను. రొట్టె ఠక్కున లేచి వచ్చింది. ఇంకొకటి, మరొకటి. బావ కూర్చున్నాడు, ఆయన తండ్రి కూర్చున్నాడు, పక్కింటివాళ్లు కూడా కూర్చున్నారు. చివరి రొట్టె తుంచుకుంటూ స్వప్న అత్తగారు నింపాదిగా అన్నది.

"ఏం స్వప్నా, పెంకనొక్కదాన్నే ఎందుకు పంపిండ్రు? సామాన్లల్ల మీ అన్నను గూడ కట్టి పంపింటే అయిపోతుండె గద!"

కాబట్టి కాలిన నా పది వేళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంట్లో ఎంత నల్లటి పాత్ర కనబడినా తోమను, గీకను, మెరిపించాలన్న తలపే మనసులోకి రానివ్వను. ఈ ప్రమాణాన్ని మా ఆవిడ ముందు గంభీరంగా నిలబడి చదివాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా విని, మాడిన గిన్నెల కుప్ప చూపించింది.

"గివి ఏ అవ్వవీ గావు. మొన్న సంతల కొన్నయి. లే, తోము!"