స్వరూపక్క చేయాల్సిన స్కాన్

...ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. నిన్న "స్వరూపక్క లేదు" అని ఒక్క లైన్ పెట్టి ఆపేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నా.

నిన్న సాయంత్రం కాలేజ్ బస్ దిగేసరికి మా కింది పోర్షన్ ముందు అన్నీ చెప్పులే. అక్కకి చేవెళ్లలో డ్యూటీలో ఉండగా గుండెపోటు వచ్చిందని, అక్కడి నుంచి సిటీకి తీసుకెళ్లేలోపే అయిపోయిందని అమ్మ చెప్పింది.

ఆ పొద్దునే నేను బస్ ఎక్కుతుంటే స్కూటర్ మీంచి చేయి ఊపింది.

అదే ఆఖరు.

మీకు తెలిసిన స్వరూపక్క మొయినాబాద్‌లో మా కింద కిరాయికుండే స్కానింగ్ డాక్టర్. ఆదివారం చేవెళ్లలో వాళ్ల బాపు పూలు పెంచే పాలీహౌస్ నుంచి గులాబీలు తెచ్చి, మెట్ల మీద బకెట్‌లో పెట్టి, "ఎవరికి కావాల్నో తీస్కోండ్రి" అని అరిచే అక్క.

నాకు తెలిసిన అక్క గురించి ఇక్కడ రాస్తున్నా. ఇది క్లోజ్ ఫ్రెండ్స్‌కి మాత్రమే. అమ్మ ఈ లిస్ట్‌లో లేదు.

కొన్ని వారాల క్రితం నా డ్రెస్ లోపల ఒక మరక చూశాను. గోధుమరంగు. ఒక పక్కే. చనుమొన నుంచి డిశ్చార్జ్.

ఎవరికీ చెప్పలేదు. ఫోన్‌లో వెతికాను. ఎక్కడ చూసినా ఒకటే జబ్బు పేరు. అది ఇక్కడ టైప్ చేయను.

చివరికి ఒక ఆదివారం పూలు కోయడానికి అక్కతో చేవెళ్ల వెళ్లాను. పాలీహౌస్‌లో ఎవరూ లేనప్పుడు, "అక్కా, నాకు ఎమ్మారై తీస్తావా? అమ్మకి తెలియకుండా" అన్నాను.

అక్క కత్తెర పక్కన పెట్టింది. అంతా వింది. తర్వాత నవ్వింది.

"అవ్వో! సక్కగ ఎమ్మారైకే పోయినవా? పెద్ద మిషనైతే పెద్ద నిజం చెప్తదనుకున్నవా?"

నిజంగా అలాగే అనుకున్నాను. ఖరీదైనదే కరెక్ట్ అని.

కాళ్ల దగ్గరున్న డ్రిప్ పైపు చూపించింది. "గీ పైపుల యాడనో అడ్డం పడ్డదనుకో. బాపు ఏం జేస్తడు? ముందుగాల పైపు మీద చెయ్యి వెట్టుకుంట పోతడు. అల్ట్రాసౌండ్ గట్లనే. పాలొచ్చే నాళం ఉబ్బిందా, లోపల చిన్న గడ్డ ఉన్నదా, చూస్తది. నీ వయసుకు ముందు అదే."

"మరి మామోగ్రామ్?"

"అది పెద్దోళ్లకు. మీ వయసుల లోపలంత దట్టంగ ఉంటది, ఎక్స్‌రేల తెల్లగ కనవడ్తది, గడ్డ గూడ తెల్లగనే. పొగమంచుల తెల్లమేకను దేవులాడినట్టు. నాళం లోపలి చిన్న గడ్డలైతే పెద్దోళ్లల్ల గూడ ఒక్కోసారి దొరకయి."

నాళంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే కూడా ఉందట. పైపులోకి రంగునీళ్లు వదిలి, ఎక్కడ ఆగాయో చూసినట్టు. కానీ ఏ నాళమో పట్టుకోవడం కష్టం, నొప్పి కూడా. అందుకే ఇప్పుడు తక్కువట. ఎమ్మారై అయితే, ఇవన్నీ చూసినా జవాబు దొరకనప్పుడేనట.

"అది మస్తు చూస్తది బిడ్డా. ఏం లేనికాడ గూడ ఏమో ఉన్నట్టు చూపిస్తది. ఆ ఫికర్ ఇప్పుడే నీకెందుకు?"

నేను భయపడే జబ్బు ఈ వయసులో చాలా అరుదని చెప్పింది. కానీ రంగు ఉంది, ఒక పక్కే ఉంది, కాబట్టి చూడాల్సిందేనంది. ఆగిందా లేదా అని రోజూ నొక్కి చూడటం మానేయమంది. అలా చేస్తే ఇంకా వస్తుందట.

"స్కాన్ నేనే చేస్త. కానీ మీ అమ్మను తోల్కరా. దొంగతనంగ చెయ్య."

"అమ్మ తిడుతుంది అక్కా."

"తిట్టనీ. తిట్టుకుంటనే వస్తది."

రేపు చెప్తా అన్నాను. ఆ తర్వాత మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా కనుబొమ్మలు ఎగరేసేది, చెప్పావా అని. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఒక్కసారి కూడా కోప్పడలేదు.

ఇప్పుడు ఆ కనుబొమ్మలు కావాలి నాకు. ఆ యాస కావాలి. కింద స్కూటర్ స్టాండ్ వేసిన చప్పుడు కావాలి.

స్కాన్ తీసే ఆ చీకటి గదిలో అక్క ఉంటుంది కదా, భయం వేయదులే అనుకున్నాను. ఇప్పుడు నా పక్కన ఎవరో తెలియని మనిషి కూర్చుని స్క్రీన్ చూస్తారు.

నా విషయం తెలిసిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయింది.

అమ్మ తలుపు కొడుతోంది. "ఏమే, ఏడ్చి ఏడ్చి పడుకున్నావా? రా, రెండు ముద్దలు తిందువుగాని."

ఫోన్ దిండు కింద పెట్టేస్తున్నా. తలుపు తీసి, అన్నం కంటే ముందు అమ్మకి చెప్తా.

వెళ్లిరా అక్కా. నీ కళ్లకి ఇక ఏ స్క్రీన్ వెలుగూ గుచ్చుకోకుండా, చల్లగా నిద్రపో.