గంగరావి కొమ్మ పాతిన చోటు

మా సూరమ్మ పిన్ని నోరు మంచిది కాదు. చేలో నడుం వంచితే ఎంత పనిమంతురాలో, గట్టెక్కి తిట్టడం మొదలెడితే అంతకు రెండింతలు. సమాధుల తోటలో మాత్రం ఆ నోరు మెత్తబడేది.

సిమెంటు సమాధి కట్టించే స్తోమత లేక, మా వాళ్ళు తలవైపు ఒక గంగరావి కొమ్మ పాతేవారు. అది చిగురిస్తే మన మనిషి అక్కడున్నట్టే. పిన్ని కూతురు రూబీ ఆరేళ్ళకే జ్వరంతో పోయింది. దాని తలవైపు పాతిన కొమ్మ పెద్ద చెట్టయింది. ఆదివారం ఆరాధన అవగానే పిన్ని వెళ్ళి ఆ చెట్టు కింద కూర్చునేది. కొమ్మల్లో పసుపుపచ్చని పూలు విచ్చుకుని ఉండేవి, నిన్నటివి ఎర్రబారి కింద రాలి ఉండేవి. అవన్నీ ఏరి ఒళ్ళో పోసుకుని, “ఇదిగోనే, నీ పూలు” అనేది. వినలేక నేను ముందే వచ్చేసేదాన్ని.

ఇప్పుడందరూ పాలరాతి పలకలు వేయిస్తున్నారు. కొమ్మ పాతే అలవాటు పోయి చాలాకాలమైంది. తెలిసిన పెద్దవాళ్ళు చాలామంది ఆ చెట్ల కిందే ఉన్నారు. పోయిన నవంబరులో సమాధుల పండక్కని మా చర్చి కుర్రాళ్ళు జేసీబీ తెచ్చారు. పిచ్చిచెట్లనుకుని గంగరావులన్నీ వేళ్ళతో సహా పెకలించి, నేల చదును చేసేశారు. ఒక్కరినైనా అడగొద్దూ! గాలికి పడిపోయిన చేలల్లో కోత మిషను దిగదంటే, ఆ వారమంతా పిన్నీ నేనూ మండపేట అవతల కోతల్లో ఉన్నాం.

పండగ సాయంత్రం కొవ్వొత్తులు పట్టుకుని వచ్చాం. గేటు దగ్గరే పిన్ని ఆగిపోయింది. లోపలంతా బల్లపరుపు నేల, సున్నం గీతలు, సీరియల్ బల్బులు.

యూత్ లీడర్ విజయ్ పాల్ నవ్వుతూ ఎదురొచ్చాడు. “రండి మామ్మగారూ! ఎంత నీట్‌గా చేశామో చూడండి.”

“నా రూబీ చెట్టేదిరా?” అంది పిన్ని.

వాడికి అర్థం కాలేదు. నేనే చెప్పాను, నాలుగు చీవాట్లు పెట్టి మరీ చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. పిన్ని చేతులు పట్టుకున్నాడు.

“తెలీదండి మామ్మగారూ, ఒట్టండి. ఎక్కడో చూపించండి, సిలువ నేను పెట్టిస్తానండి.”

ఎక్కడని చూపిస్తుంది? దుమ్మెత్తిపోస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పిన్ని చెప్పులు విప్పింది. లోపలికి ఒక కాలు ఎత్తి, మళ్ళీ వెనక్కి తీసేసుకుంది.

“రా పిన్నీ, నేనున్నాగా” అన్నాను.

“ఎలా రానే కుమారీ? ఎక్కడ కాలేసినా దాని మొహం మీదే వేస్తానేమోనే!”