ఫిర్యాదు కాగితం మీద బంతిపూలు

నిన్న ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపారు. హెబ్రీయుల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఒక్క మట్టిపలకతో తేలిపోయాయట, మూడు నిమిషాల్లో తేల్చేశాడు మహానుభావుడు. మా కాలంలో అయితే ఆ ఒక్క ముక్క మీద మూడు ఆదివారాలు కొట్లాడుకునేవాళ్లం.

ఖమ్మంలో డిగ్రీ చివరి ఏడు చదువుతూ, సెలవులకు మణుగూరులో బొగ్గుగనిలో పనిచేసే మా చినమామ ఇంటికి వెళ్లేదాన్ని. డ్యూటీ లేని ఆదివారం ఆయన ప్రార్థన మందిరంలో బైబిల్ పాఠం చెప్పేవాడు. ఒకసారి ఏదో పాత పత్రికలో, ఈజిప్టులో దొరికిన మట్టిపలకల మీద హబిరు అనే జనం ప్రస్తావన ఉందనీ, వాళ్లే హెబ్రీయులనీ చదివి, ఆ మేకుల్లాంటి అక్షరాలను వారం రోజులు కూర్చుని పెద్ద చార్టు మీద దింపి గోడకు తగిలించాడు. అడవి పక్క గూడెం నుంచి వచ్చే ఒక అవ్వ, అది దేవుని జనం చేతిరాతే అనుకుని, దానికి బంతిపూల దండ వేసింది.

నేను ఊరుకుంటానా? అందరి ముందూ లేచి, అది వాళ్లు రాసింది కాదు, వాళ్ల మీద ఒక చిన్న రాజు ఈజిప్టు చక్రవర్తికి పెట్టుకున్న ఫిర్యాదు అనీ, హబిరు అంటే నిలకడ లేక తిరిగేవాళ్లనూ దోచుకునేవాళ్లనూ పిలిచే మాటే తప్ప ఒక జాతి పేరని చాలామంది పండితులు ఒప్పుకోరనీ కడిగేశాను. మామ ముఖం మాడిపోయింది. అవ్వ మాత్రం పకపకా నవ్వి, "గట్లనా బిడ్డా! మా ముసలోని మీద గూడ జంగ్లాత్ గార్డు గట్లనే రాసిండు, చెట్లు కొట్టి చెలక చేసిండని" అంటూ, మరునాడు ఆ అటవీశాఖ కేసు కాగితం తెచ్చి చూపించింది.

మడతల దగ్గర చిరిగిన కాగితంలో అవ్వ మొగుని పేరూ, ఆ చెలక పొలం హద్దులూ ఉన్నాయి. ఇది నేరం కాగితం, దాచుకుంటే ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుంది, పొయ్యిలో పెట్టెయ్యమన్నాను. మామ అడ్డం పడ్డాడు. "తిట్టినోడు రాస్తే ఏందే? మనిషి ఆడ ఉన్నడనే గద రాసింది!" పలకల ఓటమి ఇంకా మింగుడుపడలేదనుకుని, ఆయన నోరు మళ్లీ మూయించాను. చదువుకున్న పిల్లను కదా, అవ్వ నా మాటే విన్నది.

చాలా ఏళ్లకు, అడవి కొట్టి సేద్యం చేసుకునే పోడు భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చింది. ఎప్పటి నుంచో సేద్యం చేస్తున్నారనేందుకు రుజువు అడిగితే, ఇరుగుపొరుగు వాళ్లు ఆ పాత కేసు కాగితాలే చూపించి పట్టాలు తెచ్చుకున్నారు. మామ అన్నమాటే సర్కారూ అన్నది. అవ్వ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. గూడెం పెద్దల మాట ఒక్కటే చాలదన్నారు, చెలక పోయింది. ఆమె నన్నేమీ అనలేదు. అని ఉంటే వాదించేదాన్ని.

ఇప్పుడు అవ్వా లేదు, మామా లేడు. గూడెం పిల్లలు ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటున్నారు, నాలాంటివాళ్లు చెప్పారని దేన్నీ పారెయ్యరు, మంచిదే. మొన్న భద్రాచలం పోతూ బస్సు కిటికీలోంచి చూశాను. అవ్వ జొన్న వేసిన చోట జామాయిల్ చెట్లు వరుసలు కట్టి నిలబడ్డాయి. ఆ చెలక ఆమెదని ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతాను గానీ, ఇప్పుడు అడిగేవాళ్లే లేరు.