పేరుపేరునా ప్రార్థన

ప్రతి శనివారం మధ్యాహ్నం మా బృందమంతా దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద కలుసుకుని, అరటిపళ్లు కొనుక్కుని, షేర్ ఆటోలో ఎల్బీనగర్ వెనక ఉన్న ఆడపిల్లల హోమ్‌కు వెళ్లేవాళ్లం. మిగతావాళ్లంతా ఒకే చర్చి వాళ్లు. నాకు చర్చితో సంబంధం లేదు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను కాబట్టి ఆ పిల్లలకూ చెబుదామని వాళ్ల వెంట బయలుదేరాను. "ఏంది, మతం మారుతవా?" అని మా అమ్మ ప్రతి వారం అడిగేది. లెక్కలకు మతమేంటని కసురుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మా బృందానికి పెద్ద, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ఆంటీ. మేం బయలుదేరే ముందు ఆమె పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థన చేసేది. ఒకరికి దగ్గు తగ్గాలని, ఇంకొకరికి ఎక్కాలు రావాలని. పొరపాటున ఒక పేరు వదిలేస్తే పిల్లలంతా కళ్లు తెరిచి ఆ పేరు అరిచేవాళ్లు. "క్షమించు తండ్రీ" అని ఆమె నవ్వుతూ ఆ పేరూ కలిపేది.

వానాకాలంలో ఒక కొత్త పాప వచ్చింది. పదేళ్లుంటాయేమో. మారుతండ్రి బాగా కొట్టేవాడు. ఎవరింట్లోనో పనికి కుదిర్చితే అధికారులు విడిపించి ఇక్కడ చేర్చారు. పాప ఎక్కడుందో అతనికి తెలియకూడదని వార్డెన్ మాకు గట్టిగా చెప్పింది.

ఒక శనివారం వార్డెన్, జ్వరమొచ్చిన ఒక పిల్లను తీసుకుని దవాఖానకు వెళ్లింది. నేనూ ఆ కొత్త పాపా వంటగదిలో పళ్లేలు కడుగుతున్నాం. గేటు దగ్గర "వందనాలు అక్కా" అని ఒక మగ గొంతు. చర్చి వాళ్లు ఒకరినొకరు పలకరించుకునే మాట అది. అంటే చాలు, మావాళ్లు ఎవరికైనా గేటు తీస్తారు. "వందనాలు తమ్ముడూ, లోపలికి రండి" అంది ఆంటీ. ఆ గొంతు వినగానే పాప పళ్లెం నీళ్లలో వదిలేసి తలుపు పక్కనున్న బియ్యం డ్రమ్ము వెనక దూరింది.

"మా పిల్లను తోలుకపోవాలె. ఈడ్నే ఉన్నదని మీరే పెట్టిన్రు గద" అని అతను ఆంటీకి ఫోన్ చూపించాడు. వంటగది తలుపు సందులోంచి నాకు హాలంతా కనిపిస్తోంది.

చర్చి వాట్సాప్ గ్రూపులో ఆంటీ ఆ పాప ఫొటో పెట్టిందట. హోమ్ పేరు కూడా రాసి, మారుతండ్రి నుంచి ఈ బిడ్డను కాపాడమని ప్రార్థించండి అని కోరిందట. మంచి పనే కదా అని ఎవరికి వాళ్లు ఇంకో గ్రూపుకు పంపారు. అది తిరిగి తిరిగి అతని చేతికే చేరింది. ఈ సంగతంతా తర్వాత తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడికి చెప్పుకోవడానికి ఫొటో ఎందుకు?

అప్పటికి మాత్రం గుసగుసగా వార్డెన్‌కు ఫోన్ చేశాను. "పోలీసోళ్లను తీస్కొస్త. అప్పటిదాంక ఎట్లనన్న ఆపున్రి" అంది.

హాల్లో ఆంటీ, "ఆ పాప ఇక్కడ లేదు తమ్ముడూ, వేరే చోటికి మార్చారు" అంటోంది. ఆమె నోట అబద్ధం వినడం అదే మొదటిసారి. "నేను లోపల చూస్త" అని అతను వంటగది వైపు కదిలాడు.

"ముందు ప్రార్థన చేసుకుందాం. తర్వాత ఇల్లంతా చూసుకోండి. మోకరించండి" అంది ఆంటీ, అతనికి అడ్డంగా నిలబడి.

వందనాలని చెప్పి లోపలికొచ్చినవాడు ఇప్పుడు కాదనలేకపోయాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్లలూ కూర్చున్నారు.

ఆమె మొదలుపెట్టింది. దేశం కోసం, పాలించేవాళ్ల కోసం, వానకు సరూర్‌నగర్‌లో నీళ్లు చేరే ఇళ్ల కోసం. "జర జల్ది అక్కా" అని అతనంటే ఇంకా గొంతు పెంచింది. చివరికి పిల్లల పేర్లలోకి వచ్చింది. పాప పేరు చెబితే ఇక్కడే ఉందని ఒప్పుకున్నట్టు. వదిలేస్తే పిల్లలు అరుస్తారు. డ్రమ్ము వెనక నుంచి చిన్న చెయ్యి నా చున్నీ పట్టుకుంది.

ఆంటీ ఆ పేరు దాటేసింది. తర్వాతి పేరు, ఆ తర్వాతి పేరు. అందరికంటే చిన్నపిల్ల కళ్లు తెరిచి ఆంటీ వైపు చూసింది, అతని వైపు చూసింది, మళ్లీ మూసుకుంది. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆమేన్ అనేలోపు గేటు ముందు జీపు ఆగింది. పోలీసులు అతన్ని తీసుకెళ్లారు.

ఆ సాయంత్రం ఆటో ఎక్కేదాకా ఆంటీని నోటికొచ్చినట్టు తిట్టాను.

మరుసటి శనివారం ఆ పాప లేదు. చోటు తెలిసిపోయింది కాబట్టి ఇంకెక్కడికో మార్చారు. ఎక్కడికో వార్డెన్ చెప్పలేదు. అడిగే ముఖం మాకూ లేదు. ఆంటీ ఎప్పటిలా ప్రార్థనకు కూర్చుంది. ఆ పేరు రావలసిన చోట భయపడి దాటేయబోయింది. పిల్లలంతా కలిసి గట్టిగా ఆ పేరు అరిచారు.

ఆంటీ కొంగుతో ముఖం కప్పుకుంది. అప్పుడు, అందరికంటే చిన్నదైన ఆ పిల్లే చేతులు జోడించి ప్రార్థన అందుకుంది.

"ప్రభువా, అక్క ఏడున్నదో నీకు తెలుసు గద. ఎవ్వలకు చెప్పకు."