తాత మౌనానికి చప్పట్లు

మా తాత బౌద్ధ ధర్మాచారి. వనపర్తిలో ఉండి పాలి భాష నేర్పేవాడు, ఊరూరా తిరిగి బౌద్ధ పెళ్లిళ్లు చేయించేవాడు. ఆయన సంస్మరణ సభకు వీడియో తీసే పని నా నెత్తిన పడింది. ఎప్పుడూ ఫోన్ చూస్తుంటాను కాబట్టి నాకు వచ్చేస్తుందట.

నాయనమ్మ ఒక్కటే అడిగింది.

"మీ తాత బయట మస్తు మాట్లాడుతుండె అంటరు. ఇంట్ల ఎందుకు మాట్లాడకపోతుండెనో వాళ్లనడిగి రా బిడ్డా."

ముందు నాగర్‌కర్నూల్ వెళ్లాను. అక్కడ తాతతో కలిసి పనిచేసిన రిటైర్డ్ లెక్చరర్ తన థీసిస్ గురించే చెబుతూ పోయాడు.

"సార్, మా తాత గురించి చెప్తారా లేదా?" అన్నాను కాస్త గట్టిగానే.

"గదే చెప్తున్న గద! నా థీసిస్ చదివి మీ తాత కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు."

ఒళ్లు మండి రికార్డింగ్ ఆపేశాను.

గద్వాలలో, తాత వెంట ప్రచారానికి తిరిగిన నేతపని పెద్దాయన మగ్గం మీద నుంచి లేవకుండానే ఇంకా చిటపటలాడుతున్న నా మొహం చూసి నవ్వాడు.

"నువ్వు గూడ కోపిష్టోనివే ఉన్నవ్. అచ్చం మీ తాత లెక్కనే!"

"తాతకు కోపమా?"

"అబ్బో! బీచుపల్లి కాడ మాకు బస్సు తప్పిపోయిన నాడు జూడాలె. తప్పు నాదే. మొకం ఎర్రగ చేసిండు గని ఒక్క మాట అనలె. గద్వాల దాంక నోరు తెరవలె. కోపమొస్తే నోరు మూసుకునుడే సాధన అంటుండె. మాట్లాడుతుండంటే సారు మంచిగున్నట్టు. మాట్లాడ్తలేడంటే మా పని అయిపోయినట్టు!"

ఇంటికొచ్చాక వీడియోలో ఆ ముక్క వినిపించకుండా దాటేద్దామనుకున్నాను. నాయనమ్మ ఫోన్ లాక్కుని మరీ విన్నది. మళ్లీ పెట్టించుకుని విన్నది.

"అంటే, పెండ్లైన కాడ్నుంచి నా మీద కోపమేనా?"

"అదేం కాదు నాయనమ్మా. ఇది తీసేస్తాలే."

"ఎందుకు తీస్తవ్? సభల అందరు ఇనాలె."

సభలో అందరూ విన్నారు. లెక్చరర్ మైకు అందుకున్నాడు.

"చూసిండ్రా, ఎంత నిగ్రహమో! నా థీసిస్‌ల గిదే రాసిన!"

హాలంతా చప్పట్లు. ముందు వరుసలో నాయనమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మెల్లగా అడిగాను, "నాయనమ్మా, కోపమొచ్చిందా?"

ఇల్లు చేరేదాకా ఆమె నోరు విప్పలేదు.