ఎదురొచ్చిన కెమెరా

కెమెరా మాది కాదు. మా దీవిలో, షాదీపూర్‌లో పెళ్ళిళ్ళకు వీడియో తీసే భయ్యా కాళ్ళావేళ్ళా పడితే ఒక్క రోజుకు ఇచ్చాడు. సాయంత్రానికి అతనికి ప్రోతరాపూర్‌లో పెళ్ళి వీడియో పని ఉంది. మా జాలరి వాళ్ళ మీద నేను తీస్తున్న ఇరవై నిమిషాల సినిమాకు ఒక్క షాటే మిగిలింది, నాన్న పడవ వేటకు బయల్దేరడం. అది లేకపోతే సినిమాయే లేదు. హీరో నాన్న, లైటు ఎండ, మిగతా పనులన్నీ నావి. ఇంటర్ రెండుసార్లు తప్పిన పిల్ల సినిమా తీస్తుందట అని వాడంతా నవ్వుతున్న రోజులవి.

ఒడ్డున నిలబడి రెడీ అన్నాను. నాన్న పడవను నీళ్ళలోకి తోసి ఎక్కాడు. అప్పుడు చూశాను, లెన్స్ మీద మూత తియ్యలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. "నాన్నా, ఆగు" అని కేకేశాను.

జాలరి కడుపున పుట్టి, వేటకెళ్ళే మనిషిని వెనకనుంచి పిలిచాను. ఇంకేముంది, నాన్న పడవను ఇసకలోకి లాక్కొచ్చి, కూర్చుని బీడీ వెలిగించాడు.

"ఎనకనించి పిలిసీసినావు కదా. ఆజ్ నహీ. రేపు సూద్దాం."

"రేపు కెమెరా ఉండదు నాన్నా."

"నేకపోతే నేదు. నీ సినిమా కోసం సముద్రంతో గొడవెట్టుకోమంటావేటి?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పక్కనే వల కుడుతున్న అమ్మ లేచి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నాన్న చేతికిచ్చింది.

"తాగి కాసేపు కూకో. పిల్ల ఎదురొస్తాది, దోషం పోద్ది."

ఆడపిల్ల ఎదురొస్తే మా వాళ్ళకు మంచి శకునం. నాన్న కాదనలేకపోయాడు.

కానీ పడవకు ఎదురంటే సముద్రమే. కెమెరా భుజాన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగాను. ఒక్క అల సరిగ్గా తగిలితే భయ్యా నన్ను బతకనివ్వడు. ఈసారి మూత మాత్రం తీశాను. పడవ తిన్నగా నా మీదికే వచ్చింది. నాన్న మొహం కెమెరా తెరంతా నిండి, పక్కనుంచి దాటిపోయింది.

ఆ ఆదివారం మా అరుగు మీద టీవీ పెట్టి సినిమా వేశాను. వాడంతా వచ్చింది. నవ్విన వాళ్ళే ఆ షాటును మూడుసార్లు వేయించుకున్నారు. గెలిచాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మూడోసారి అమ్మ టీవీ దగ్గరికి జరిగింది. తెరమీద నాన్న పెదాలు వణుకుతూ ఏదో మొక్కుకుంటున్నాయి.

"ముప్పయ్యేళ్ళుగా ఒడ్డునుంచి ఈయన ఈపే సూసినాను," అంది అమ్మ. "ఎల్లినప్పుడు ఇంత బయపడతాడని నాకెప్పుడూ సెప్పనేదు."

నాన్న తల దించుకున్నాడు. అమ్మ నా వైపు తిరిగింది.

"ఇంకోపాలి ఎయ్యి."